మూతి మీద మచ్చ

బంగారు గనులు మూతబడినా రాబర్ట్‌సన్‌పేట చర్మం డాక్టరమ్మ దగ్గర జనం తగ్గలేదు. గౌనిపల్లి రైతు బచ్చప్ప పెళ్లాం రామక్కను బయటే కూర్చోబెట్టి, మూతికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి వచ్చాడు.

"తామరమ్మా. ఆయింట్‌మెంట్ రాసిచ్చేయ్."

"చెయ్యి తీయండప్పా. తామరైతే గుండ్రంగా, అంచు ఎర్రగా లేచి ఉంటాది. ఇది నల్లగా గడ్డం దాకా కారినట్టుండాది. మామిడి సొన కాల్చింది."

"మెల్లిగా చెప్పమ్మా, మా రామక్క వింటాది. మా ఇద్దరికీ షుగరు. ఈ తూరి మామిడి ముట్టేది లేదని దేవుడి ముందర ఒట్టేసుకున్నాం. తోటలో మనసు ఆగలేదు. ఒక్క దోరపండు తొడిమ తుంచి, కడక్కుండానే కొరికేసినా."

"ఆమెకు చెప్పేయండి."

"ఎట్ల చెప్పేది? మొన్నట్నించి నా మీద ఏం కోపమో, మూతికి కొంగు అడ్డం పెట్టుకోని ముఖమే చూపించదు."

అంతలో రామక్కే తలుపు తోసుకుని వచ్చి కొంగు తీసింది. పెదవి కింద నల్లటి చార గడ్డం దాకా ఉంది.

"ఈయప్ప తామర నాకూ అంటుకొన్నట్టుండాదమ్మా. చూడు."

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంటూ బచ్చప్ప వైపు చూసింది. అతను పెళ్లాం గడ్డాన్నే చూస్తున్నాడు.

"యా చెట్టుదే?" అని మెల్లగా అడిగాడు.