గవర్నరు గద్దె మీద ఫానియాస్

అంజూరాల ఫానియాస్ నోరు విప్పితే మిలేటస్ రేవులో వలలు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. ఆ పూట అతను మెలిన్నా ద్రాక్షసారా కొట్టు అరుగెక్కి సార్దిస్ పేరెత్తాడు. మెలిన్నా చెయ్యి కూజా మీదే ఆగిపోయింది.

ఏథెన్స్‌కూ స్పార్టాకూ జరుగుతున్న యుద్ధంలో కిందటేడు ఊరి పెద్దలు ఏథెన్స్‌ను వదిలి స్పార్టా వైపు చేరారు. మళ్లీ మాట మార్చకుండా పూచీగా స్పార్టాకు డబ్బు సాయం చేస్తున్న పారశీక గవర్నరు పదిమంది ఆడపిల్లల్ని తన కోట ఉన్న సార్దిస్‌కు పట్టుకుపోయాడు. మాట తప్పేది మగవాళ్లు, పూచీ పడాల్సింది ఆడపిల్లలు. మెలిన్నా కూతురు థల్లూసా ఆ పదిమందిలో ఉంది.

"రెండు గంపల పండ్లు దించి వద్దామనే వెళ్లాను," అన్నాడు ఫానియాస్. "గవర్నరు ఒకటి కొరికి, ఇది పండించినవాణ్ణి లోపలికి రమ్మనండి అన్నాడు. వెళ్తే అటు ఏథెన్స్ రాయబారి, ఇటు స్పార్టా రాయబారి. ఇకమీదట ఎవరితో పొత్తు పెట్టుకోమంటావయ్యా అని నన్నే అడిగాడు. ఆ తర్వాత నేనేం చేశానో తెలుసా?"

"పండ్ల డబ్బులు అడిగుంటావు," అన్నాడు పడవల స్కిరోన్.

"స్పార్టావాడి జుట్టూ ఏథెన్స్‌వాడి గడ్డమూ కలిపి ముడేశాను. పొద్దున ఇటు లాగండి, సాయంత్రం అటు లాగండి, వాళ్లిద్దరూ అలిసేదాకా మీరు అంజూరాలు తినండి అన్నాను. గవర్నరు నన్ను కావలించుకుని తన గద్దె మీద కూర్చోబెట్టాడు. అప్పుడు నాకు తుమ్మొచ్చింది. ఆ తుమ్ముకి ఏథెన్స్‌కు సాయంపోతున్న మూడొందల పారశీక ఓడలు నడిసముద్రంలో స్పార్టా వైపు తిరిగాయి. ముక్కు చీదాను, మళ్లీ ఏథెన్స్ వైపు. ఫానియాస్‌కి జలుబు తగ్గేదాకా యుద్ధం ఆపమని పారశీక చక్రవర్తే కబురంపాడు."

నోళ్లు తెరుచుకున్నాయి. అబద్ధమని మెలిన్నాకి తెలుసు. అయినా ఆ గద్దె దగ్గర మన మనిషొకడు ఉన్నాడన్న ఊహ ఆమెను వదల్లేదు.

"అంత మాట చెల్లినవాడివి, మా పిల్లల్ని పంపెయ్యమని ఎందుకడగలేదన్నా?" అంది.

ఫానియాస్ అరుగు మీద చతికిలబడ్డాడు.

"గద్దె దాకా ఎక్కడ పోయాను చెల్లెమ్మా. గుమ్మంలోనే కాపలావాళ్లు పండ్లు లాక్కున్నారు. గంపలైనా తిరిగిస్తారని రెండు రోజులు గోడ పక్కన కూర్చున్నాను."

స్కిరోన్ పకపకా నవ్వాడు. మెలిన్నా నవ్వలేదు.

"గోడ అవతల ఏమైనా వినిపించిందా?"

"మగ్గాలు. దారాలు బిగువుగా ఉండేందుకు కట్టిన మట్టిగుండ్లు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు. ఎవరో పిల్ల, అచ్చం మన రేవు యాసలో, దారం తెగిందని గవర్నరు తాతముత్తాతల్ని తిడుతోంది."

రేవు మొత్తం చెవులప్పగించింది. మెలిన్నా వచ్చి అతని ఎదురుగా కింద కూర్చుంది.

"ఏమని తిట్టింది? ఒక్కో మాటే చెప్పు."