వెనుక కూర్చునేవారి బరువు

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిదవ సంవత్సరం జూన్ పన్నెండవ తేదీన మన మోటారు సైకిళ్ల కార్యశాలలో సహాయకుడిగా చేరిన యువకుడే, నేడు బండి కుదుపులను అణిచే సస్పెన్షన్ విభాగానికి అధిపతిగా పదవీ విరమణ చేస్తున్న మన 'స్ప్రింగు మేస్త్రి'గారు. ఆ బిరుదు యాజమాన్యం ప్రసాదించినది కాదు. ఏ బండి వచ్చినా ముందుగా వెనుక సీటును రెండు చేతులతో నొక్కి, అది పైకి లేచే తీరును పరికించే వారి అలవాటు చూసి సహోద్యోగులు ముద్దుగా పెట్టుకున్నది.

చక్రాలు విప్పడంతో, గొలుసులు శుభ్రం చేయడంతో తొలి సంవత్సరాలు గడిచాయి. అనంతరం మెకానిక్కుగా పదోన్నతి పొంది, బండి నడిపేవారి బరువునూ, వెనుక కూర్చునేవారి బరువునూ బట్టి స్ప్రింగుల బిగువు సరిదిద్దడంలో వారు సాధించిన నైపుణ్యం మన కార్యశాలకే వన్నె తెచ్చింది.

ఆ నైపుణ్యానికి అసలు పరీక్ష ఒక బేకరీ యజమాని బండితో ఎదురైంది. మూత్రపిండాల వ్యాధిగ్రస్తుడైన తండ్రిని ఆ యజమాని రక్తశుద్ధి (డయాలసిస్) కోసం బండిపైనే ఆసుపత్రికి తీసుకువెళ్లేవాడు. గతుకు గతుకుకూ నడుము కలుక్కుమంటోందని తండ్రి వాపోతున్నాడు.

"ఇద్దరం కూర్చుంటాం కదండీ, ఇంకాస్త గట్టిగా బిగించండి" అన్నాడు కొడుకు. మేస్త్రిగారు అలాగే బిగించారు. మర్నాడు అతడు ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

"నాన్న సగం దారిలోనే దిగిపోయాడండీ. చచ్చినా ఈ బండి ఎక్కనంటున్నాడు. ఆసుపత్రి మానేస్తే మనిషి దక్కడు."

మేస్త్రిగారి మనసు చివుక్కుమంది. పనిముట్ల సంచీ భుజాన వేసుకుని నేరుగా వారింటికే వెళ్లారు. "పెద్దాయనా, ఒక్కసారి కూర్చోండి. బండి కదపనివ్వను, ఒట్టు" అని బతిమాలి తండ్రీకొడుకులను ఎక్కించి చూస్తే, వెనుక భాగం దిగవలసినంత దిగనేలేదు. పెద్దాయన పిండి బస్తాలు అవలీలగా ఎత్తే భారీ మనిషిగా ఉన్న రోజుల్లో బిగించిన స్ప్రింగు అది; ముందురోజు దాన్ని మరింత బిగించారు. వ్యాధి ఆయనను సగం మనిషిని చేసింది. రోజూ కళ్లెదుటే ఉండడంతో కొడుకుకు ఆ సంగతి తట్టలేదు.

"బిగించడం కాదు బాబూ, వదులు చేయాలి. నాన్నగారు బాగా చిక్కిపోయారు" అన్నారు మేస్త్రిగారు మెల్లగా. కొడుకు తల తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు. పెద్దాయన మాత్రం, "ఒకప్పుడు నన్ను మొయ్యలేక బండి మూలిగేది. ఇప్పుడు దీన్నెక్కి నేను మూలుగుతున్నా!" అని పకపకా నవ్వాడు.

మేస్త్రిగారు బిగువు మెట్టు మెట్టుగా తగ్గించి, వీధి చివరి గతుకుల దాకా బండి తిప్పించారు.

"ఇప్పుడెలా ఉందండీ?"

"ఇంకో చుట్టు తిప్పమను, చెబుతా" అన్నాడు పెద్దాయన. ఆ చుట్టులో తండ్రీకొడుకులు వెనక్కి రాలేదు. అటునుంచి అటే ఆసుపత్రికి వెళ్లిపోయారు.

వెనుక కూర్చునేవారిని అడగనిదే పానా పట్టరాదన్నది నాటినుండి మేస్త్రిగారి నియమం. విభాగాధిపతులైన పిదప కూడా కొత్తగా చేరిన ప్రతివారికీ, తొలుత తాము బిగించిన సంగతి దాచకుండా, ఈ ఉదంతం స్వయంగా చెప్పేవారు.

"ఇన్నేళ్లూ ఊళ్లోవాళ్లందరినీ ఎక్కించి చూశారు, ఇక నన్నెక్కించుకుని తిరగండి" అని వారి అర్ధాంగి ఇప్పటికే ఆజ్ఞాపించారని వినికిడి. ఆ ఆజ్ఞను శిరసావహిస్తూ, నొప్పి ఎరుగని నడుముతో, వణుకు ఎరుగని చేతులతో, చూడవలసిన ఊళ్లన్నీ చూస్తూ ఆ దంపతులు నిండు నూరేళ్లు హాయిగా జీవించాలని మనసారా కోరుకుంటున్నాము.