నీళ్లు తాగని పడవ

పడవ అడుగున వేసిన ఆఖరి పూత ఆరడానికి గంట పడుతుంది. ఆ గంటసేపు మావయ్య నోరు మూయించడం ఎలాగన్నదే ఆ ఉదయం మేనకోడలికి వచ్చిపడ్డ చిక్కు.

పూత తొందరగా ఆరడానికి మందుంది, ఫ్యానుంది. మావయ్య నోటికి మాత్రం ఇంతవరకూ ఎవరూ ఏదీ కనిపెట్టలేదు. ఆయన్ని అందరూ పీచు మావయ్య అంటారు. ఆమెకి సొంత మేనమామ, మిగతావాళ్లకి వరసతో పనిలేని మావయ్య. చిన్నప్పుడు తాళ్లు పేనాడు. తర్వాత ముప్ఫై ఏళ్లు, ఇప్పుడు ఆమె పడవలు చేయిస్తున్న ఈ షెడ్డులోనే, గాజుపీచుతో, అంటే ఫైబర్ గ్లాసుతో, పడవలు పోశాడు. ఇప్పుడు ఊరూరా తిరిగి మంచి గోగునార ఎక్కడుందో చూసి తెచ్చిపెడుతున్నాడు. నారపోగు ఒకటి చెవి దగ్గర పెట్టుకుని పుటుక్కున తెంపి, ఆ చప్పుడుని బట్టి గోగు కట్టె ఎన్నాళ్లు నానిందో, లోపల ఇంకా తడి మిగిలిందో లేదో చెప్పేస్తాడు. షెడ్డులో తేమ కొలిచే మీటరు కూడా ఉంది. మీటరుకీ ఆయనకీ మాట కలవనప్పుడల్లా ఆమె మీటరునే అనుమానించేది. ఇంత విద్య ఉన్న మనిషికి ఇన్ని కోతలెందుకో ఆమెకి ఎప్పుడూ అంతుపట్టలేదు. ఉన్న విద్య చాలదనుకుంటాడేమో. చాలామంది అలాగే అనుకుంటారు. లేకపోతే లోకంలో ఇన్ని టీ కొట్లు నడిచేవి కావు.

ఆ రోజు సంగతి అల్లాటప్పాది కాదు. ఏటి మీద మనుషుల్ని దాటించే పడవల ఆసామి పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు. ఆయనకి పన్నెండు పడవలు కావాలి. గాజుపీచు బదులు గోగునార పొరలు పరిచి, మీద రెసిను జిగురు పోసి చేసిన పడవంటే ఏమిటో తన కళ్లతో చూసుకుందామని వచ్చాడు. నచ్చి ఊ అంటే షెడ్డులో గోగునార నిలుస్తుంది. ఊహూ అంటే వచ్చే నెల నుంచి అచ్చుల్లోకి మళ్లీ గాజుపీచే అని షెడ్డు యజమాని తేల్చి చెప్పేశాడు. గాజుపీచంటే ఏమిటో ఆమె చేతులకి తెలుసు. కంటికి కనపడని సూదులు మోచేతుల దాకా దిగుతాయి, ఎంత కడిగినా పోవు, కప్పుకున్న దుప్పటి కూడా గుచ్చుకుంటుంది. పొరలు పరిచే ఆడవాళ్లిద్దరిలో ఒకామె ఈ మధ్య ఒక మాటంది. ఇంటికెళ్లగానే, స్నానం చెయ్యకుండానే, బిడ్డని ఎత్తుకోగలుగుతోందట. ఆ మాట కోసమైనా ఈ పడవ నెగ్గాలని మేనకోడలి పట్టుదల.

పూత ఆరేదాకా షెడ్డులో ఆ వాసనలో కూర్చోవడం ఎందుకని అందరూ ఎదురుగా ఉన్న టీ కొట్టుకి వచ్చారు. ఆసామి, ఆమె, పక్క షెడ్డు వెల్డరు, మావయ్య. అడిగితే తప్ప మాట్లాడనని మావయ్య దారిలోనే ఆమెకి మాటిచ్చాడు, పాపం నిలబెట్టుకున్నాడు కూడా. అరగ్లాసు టీ అయ్యేదాకా కిమ్మనలేదు. చివరికి ఆసామే, పెద్దమనిషి ఊరికే కూర్చున్నాడు కదా అని మర్యాదకి, ఈ నారతో మీకు పరిచయం ఎప్పటినుంచండీ అని అడిగాడు.

ఇంకేం, కట్ట తెగింది.

"మొదట్లో చిన్నపనేలెండి," అన్నాడు మావయ్య, ఎంతో అణకువగా. "మా ఆవిడ కుర్చీకి ఒక కాలు విరిగింది. పారేద్దామంది. ఆగవే అని నాలుగు పోగుల గోగునార తీసుకుని, జిగురులో ముంచి, విరిగినచోట చుట్టి ఎండలో పెట్టా. ఆ కాలు ఎలా తయారైందంటే, కొన్నాళ్లకి మిగతా మూడూ అరిగిపోయాయి గానీ అదొక్కటే నిలబడింది. ఇప్పటికీ ఆవిడ ఆ ఒంటికాలి కుర్చీలోనే కూర్చుని పేపరు చదువుతుంది."

ఒంటికాలి మీద కుర్చీ ఎలా నిలబడుతుందని వెల్డరు అడిగాడు. ఇనుము తప్ప ఇంకేదీ నిలబడదని అతని సిద్ధాంతం.

"నమ్మకం మీదరా," అన్నాడు మావయ్య.

ఆసామి నవ్వాడు. నవ్వు మంచిదే అనుకుంది మేనకోడలు. కుర్చీతో ఆగితే ప్రమాదమేం లేదు. కానీ మావయ్య కుర్చీతో ఆగే మనిషైతే ఆమెకి ఇన్ని తెల్లవెంట్రుకలు వచ్చేవా?

కుర్చీ సంగతి ఆ నోటా ఈ నోటా పాకి ఒక బస్సు యజమాని చెవిన పడిందట. తన బస్సుకి ముందు బంపరు చేసిపెట్టమని వచ్చి కాళ్లావేళ్లా పడ్డాడట. పోనీలే అని ఏడు పొరల నార, నిలువు ఒకటి, అడ్డం ఒకటి చొప్పున పరిచి చేసిచ్చాడట. నిలువూ అడ్డమూ అన్న మాట మాత్రం అక్షరాలా నిజం. నార ఎటు పరిస్తే బలమంతా అటే ఉంటుంది, అందుకే పొర మార్చి పొర తిప్పాలి. ఆమెకి అది నేర్పింది మావయ్యే. ఆయన కోతల్లో ఇదే తిరకాసు, నిజం కూడా కలిసి ఉంటుంది, బియ్యంలో రాళ్లలాగా కాదు, రాళ్లలో బియ్యంలాగా. సరే, ఆ బస్సు బ్రేకులు పోయి వెళ్లి వెళ్లి ఒకరి ఇంటి గోడకి గుద్దుకుందట. బంపరు మీద గీత పడలేదట. గోడే రెండడుగులు వెనక్కి జరిగిందట. ఆ ఇంటివాళ్లకి వసారా కాస్త ఇరుకైంది గానీ, మర్యాదస్తులు, పల్లెత్తు మాట అనలేదట.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు.

తెలుసని ఎవరూ అనలేదు. అన్నా ఆగడు.

ఆ తర్వాత వంతెన కూలిందట. అవతలి ఒడ్డున రోడ్డు వెయ్యడానికి రోడ్డు రోలరు దాటించాలి, దారి లేదు. ఇంజనీర్లంతా తలలు పట్టుకుని కూర్చుంటే మావయ్య ఇరవై రోజుల్లో గోగునార పడవ ఒకటి పోసి తెచ్చాడట. రోలరు ఎక్కింది, డ్రైవరు ఎక్కాడు, అవతలి ఒడ్డున పెళ్లి చూపులున్నాయని డ్రైవరు తాలూకు బంధువులు పదకొండు మంది ఎక్కారు. సరిగ్గా నడి ఏట్లో డ్రైవరు కంగారుపడి రోలరు స్టార్టు చేశాడట. అది ఆ కొస నుంచి ఈ కొసకి, ఈ కొస నుంచి ఆ కొసకి నాలుగుసార్లు తిరిగిందట. పడవకి ఏమీ కాలేదు సరికదా, అడుగు ఇంకా నునుపు తేలి, అక్కణ్నుంచి రెట్టింపు వేగంతో వెళ్లిందట.

టీ కొట్టు ఆవిడ గిన్నె తోమడం ఆపేసి, పెళ్లి కుదిరిందా అన్నయ్యా అని అడిగింది. కుదిరింది, ఇద్దరు పిల్లలు కూడా అన్నాడు మావయ్య, ముఖం చెక్కుచెదరకుండా.

ఇంతవరకూ ఆసామి కడుపు పట్టుకుని నవ్వుతూనే ఉన్నాడు. మేనకోడలు కూడా నవ్వింది. ఎన్నిసార్లు విన్నా ఆ రోలరు దగ్గర ఆమెకి నవ్వాగదు. పైగా ఈసారి బంధువులు కొత్తగా చేరారు.

"ఆ పడవ పదేళ్లు నీళ్లలోనే ఉందండీ," అన్నాడు మావయ్య. "ఒక్క బొట్టు తాగలేదు. నీళ్లలో మునిగి పడవ అడుగున అగ్గిపుల్ల గీస్తే వెలిగేది."

ఆసామి నవ్వడం మానేశాడు. గ్లాసు బల్ల మీద పెట్టాడు.

ఆమె చూసింది. నలభై ఏళ్లు తడి తాళ్లతో, చెక్క పడవలతో కాపురం చేసిన మనిషి ఆయన. రోలరు కథ ఆయనకి సరదా. బొట్టు తాగలేదన్న మాట సరదా కాదు, అది ఆయన కొనబోయే వస్తువు. పూత ఆరిందేమో చూసొద్దామా మావయ్యా అని ఆమె లేవబోయింది. ఇంకా పావుగంట ఉందే అని మావయ్య ఆమె చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. ఆయన మంచి ఊపులో ఉన్నాడు. ఎదుటివాడి నవ్వు ఎప్పుడు ఆగిందో ఆయన గమనించడు. అందగాడు అద్దం ముందు నిలబడి గడియారం చూస్తాడా?

పదకొండో ఏట, పెద్ద వానల్లో, ఆ పడవకి మొలకలొచ్చాయట. ఎంతైనా గోగు కదా, నేల లేకపోయినా నీళ్లున్నాయి. అంచుల వెంట ఆకులేసి, కర్రలు నిలువెత్తు పెరిగి పూలు పూశాయట. పిట్టలు గూళ్లు కట్టాయట. ప్రయాణికులు ఎండ తగలకుండా హాయిగా వెళ్లేవారట. కర్రలు కోసి, నానబెట్టి, నార తీసి, ఆ నారతో మరో పడవ పోశాడట. తల్లి పడవ ఎటు వెళితే పిల్ల పడవ తాడు కట్టకుండానే వెనకాల వెళ్లేదట.

"పురుడు ఎవరు పోశారు మావయ్యా?" అన్నాడు వెల్డరు.

"నేనే," అన్నాడు మావయ్య.

కొట్టు కొట్టంతా నవ్వింది. ఆసామి ఒక్కడే నవ్వలేదు. ఆయన మావయ్య వైపు కాకుండా ఆమె వైపు తిరిగి, "నువ్వు చెప్పమ్మా. ఈ నార నీళ్లు తాగదా?" అన్నాడు.

షెడ్డు వెనకాల టార్పాలిన్ కింద ఒక పడవ బోర్లించి ఉంది. ఆసామి వస్తున్నాడని తెలిసి ముందురోజు ఆమే దాన్ని కప్పించింది. వాళ్ల మొదటి గోగు పడవ అది. గాజుపీచు పడవైతే అంతా పోశాక ఆఖర్న డ్రిల్లు పట్టుకుని, తెడ్డు కొక్కేలకి చిల్లులేసుకుంటే సరిపోతుంది, గాజు నీళ్లు తాగదు కాబట్టి. ఆ షెడ్డులో ముప్ఫై ఏళ్ల అలవాటది. గోగుపోగు అలా కాదు, లోపల సన్నటి గొట్టం. చిల్లు వేసినచోటల్లా ఆ గొట్టాల మూతులు తెరుచుకున్నాయి, నాలుగు నెలల్లో పడవ చిల్లుల చుట్టూ బూరెల్లా ఉబ్బింది. ఆ డ్రిల్లు ఎవరి చేతిలో ఉందో ఆమె యజమానికి కూడా చెప్పలేదు.

తాగదు అంటే ఒక్క మాటతో అయిపోతుంది. మావయ్య పరువూ నిలుస్తుంది. పడవ నిలుస్తుందా అన్నది వేరే సంగతి. ఆమె మావయ్య ముఖం చూడకుండా ఆసామి ముఖంలోకే చూసింది.

"తాగుతుందండీ. నార కదా, తాగకుండా ఎలా ఉంటుంది? మా మొదటి పడవ ఉబ్బింది. షెడ్డు వెనకాలే ఉంది. గాజు అలవాటులో మేము ఆఖర్న చిల్లులేసి అంచులు పచ్చిగా వదిలేశాం. ఇప్పుడు ముందు పెద్ద చిల్లు వేసి, రెసినుతో పూడ్చి, అది గట్టిపడ్డాక ఆ పూడిక నడుమ చిన్న చిల్లు వేస్తున్నాం. నీళ్లు నారకి తగలవు. అలా చేసిన ముక్క ఎనిమిది నెలలుగా తొట్టిలో మునిగే ఉంది, ఉబ్బలేదు. తొమ్మిదో నెలలో ఏమవుతుందో నాకూ తెలియదు."

మావయ్య ఖాళీ గ్లాసులోకి చూస్తున్నాడు. అది చూశాక ఆమెకి, ఎందుకు అన్నానా అనిపించింది.

"పెద్దాయనా," అన్నాడు ఆసామి మెల్లగా, "మీరు చెప్పిన ఆ పడవ నాకొద్దండీ. బొట్టు తాగదన్నవాళ్ల దగ్గర ఇదివరకు ఎన్నో కొన్నాను. అన్నీ తాగాయి." ఆమె వైపు తిరిగాడు. "ఆ ఉబ్బిన పడవ చూపించమ్మా. నా ఎదురుగా కొయ్యి. నువ్వన్నట్టు చిల్లుల దగ్గర ఉబ్బి, తక్కినచోట గట్టిగా ఉందనుకో, ముందు మూడు పడవలు చెప్పిపోతాను. ఒక వానాకాలం ఏట్లో తిప్పి చూసి, మిగతా తొమ్మిదీ నీ దగ్గరే."

ఆమె తలూపి లేచింది. ఆసామి లేచాడు, ఇనుము కాని దాన్ని కోసి చూస్తారంటే వెల్డరూ లేచాడు. మావయ్య మాత్రం కదల్లేదు. వాళ్లు రోడ్డు సగం దాటాక వెనక నుంచి కేకేశాడు.

"మేము వేశామంటావేమే? నువ్వు వెయ్యలేదుగా. ఆ చిల్లులేసింది నేను."

ఆమె ఆగి వెనక్కి చూసింది. ఆయన ఉత్తరీయం దులిపి భుజాన వేసుకుని గబగబా నడిచొచ్చి అందరికంటే ముందు నిలబడ్డాడు. ఛాతీ మళ్లీ ఎప్పటంత అయింది.

"ఇటు రండి, నేను చూపిస్తా," అన్నాడు ఆసామితో. "ఇన్నాళ్ల షెడ్డు చరిత్రలో గోగు పడవకి తప్పు చిల్లు వేసిన మొట్టమొదటి మనిషిని నేనేనండీ. నా తర్వాత ఇంకెవరూ వెయ్యక్కర్లేకుండా వేశాను."

ఎన్ని వేశావు మావయ్యా అన్నాడు వెల్డరు, రాబోయే అంకెకి ముందే నవ్వడానికి సిద్ధపడుతూ.

మావయ్య టార్పాలిన్ తాడు విప్పి పట్టా లాగాడు.

"పద్దెనిమిది," అన్నాడు. ఒక్కటి కూడా ఎక్కువ చెప్పలేదు.