ఎర్ర మూతల ఓడ

"చిన్న పనేలే. మూడు మూరల కర్ర ఓడ, అంతే," అన్నాడు గుల్వెన్, తుగ్దువల్ కొట్లో రెండో గ్లాసు ఆపిల్ కల్లు అందుకుంటూ. ఫ్రాన్సు పడమటి తీరాన మా బ్రెతాన్య రేవుల్లో, మునిగిన ఓడలోంచి బతికొచ్చినవాడు ఆ ఓడ బొమ్మ చెక్కి చర్చి కప్పుకి వేలాడదీసి మొక్కు తీర్చుకోవాలి. రాజుగారి యుద్ధనౌక మోర్గాన్ మునిగి ఐదేళ్ళయింది. మూడొందల మందిలో బతికింది వీడొక్కడేనని వీడే చెప్పి, ఆ ఏడే బొమ్మ ఓడ వేలాడదీశాడు.

"అసలు ఓడ ఎలా ఉండేదనుకున్నారు? తారు పూసిన పాత పెట్టె, మాసికలేసిన తెరచాపలు. ఉన్నదున్నట్టు చెక్కితే ఎవడు తలెత్తి చూస్తాడు? అందుకే బంగారు పూత పూశాను, తెరచాపలన్నీ విప్పేశాను, ఫిరంగి కిటికీలు రెండు వరసలా మూతలెత్తి లోపలివైపు ఎర్రరంగు కొట్టాను. వేలాడదీసిన రోజు ఏమైందో తెలుసా? చీమంత గాలి లేని చర్చిలో తెరచాపలు పొంగి, ఓడ కదిలి ఫాదరుగారి నెత్తి మీదుగా మూడు చుట్లు తిరిగింది."

"కొవ్వొత్తులు ఆరలేదా?" అన్నాడు తుగ్దువల్.

"ఆరాయి. ఓడ ఫిరంగి పేల్చి మళ్ళీ వెలిగించాను."

ఎవరూ నవ్వలేదు. పొయ్యి దగ్గర అజెనోర్ కూర్చునుంది. ఆమె కొడుకు రివాల్ ఆ ఓడలోనే పోయాడు. తుఫానులో ఆజ్ఞ లేకుండా కింది వరస మూతలు తెరిచి సముద్రాన్ని లోపలికి రానిచ్చింది అతనేనని ఊరంతా నమ్ముతుంది. ఆత్మల పండగనాడు పోయినవాళ్ళ పేర్లు చదివేటప్పుడు ఫాదరుగారు అతని పేరు దాటేస్తారు. ఆ పండగ రేపే.

"మూతలు మావాడే తెరవడం నువ్వు చూశావా?" అంది.

"చూడ్డమేంటి పెద్దమ్మా, పక్కనే ఉన్నాను. ముప్పై ఇంగ్లీషు ఓడలు చుట్టుముట్టాయి. ఒక్కో అల చర్చి గోపురమంత. మీవాడు ఒక మూత ఎత్తాడు. ఒక్కటి ఏ మూలకి? మిగతా పదమూడూ నేనే ఎత్తాను, ఈ భుజంతో, ఒక్క ఊపులో. నేనే దట్టించాను, నేనే పేల్చాను. గుళ్ళయిపోతే వాళ్ళేసిన గుండే పట్టుకుని వెనక్కి విసిరాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పదకొండు ఓడలు..."

"పదమూడు నువ్వెత్తావు," అంది అజెనోర్.

"నేనే."

"అయితే ఓడని ముంచింది నువ్వు. ఇంతమంది విన్నారు. పద, ఫాదరుగారికి చెబుదాం. ఆ మూడొందల మంది తల్లులకీ చెబుదాం."

గుల్వెన్ గ్లాసు బల్ల మీద పెట్టబోయి ఒలకబోసుకున్నాడు. ఇద్దరు లేచి తలుపుకి అడ్డంగా నిలబడ్డారు. వాళ్ళ అన్నలూ ఆ ఓడలో పోయినవాళ్ళే.

"నేనసలు ఓడ ఎక్కలేదు," అన్నాడు చివరికి. "బయల్దేరే రోజు భయమేసి గడ్డివాములో దాక్కున్నాను. ఓడ వెళ్ళిపోవడం ఒడ్డు నుంచి చూశానంతే."

"మరి మూతలు?"

"మూసుంటే బొమ్మ చెక్కమొద్దులా ఉంది పెద్దమ్మా. ఎర్రరంగు కనబడితే అందంగా ఉంటుందని తెరిచాను. అది చూసి, తుఫానులో మూతలు ఎవరు తెరిచారని అందరూ అడిగారు. ఎవడో ఒకడి పేరు చెప్పాలిగా. నోటికి మీవాడి పేరొచ్చింది."

నాకు సిగ్గేసింది. ఐదేళ్ళుగా ఆ తల్లి ఎదురైతే ముఖం తిప్పుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. తుగ్దువల్ తల దించుకుని, ఫాదరుగార్ని ఇప్పుడే పిలుచుకొస్తానని బయటికెళ్ళాడు.

అజెనోర్ కదల్లేదు.

"నిన్ను తిట్టుకోని రోజు లేదు గుల్వెన్," అంది. "అయినా మావాణ్ణి ఆఖరిసారి చూసిన మనిషి ఒకడు బతికున్నాడనుకునేదాన్ని. ఇప్పుడు అదీ లేదు."