గోడగా మారిన గీత

మేమంతా పటాలక్క అని పిలుచుకునే పటాలక్కగారు మా సర్వే కార్యాలయంలో చేరిన తేదీ 1988 జూలై 4. తొలి సంవత్సరాలు కొలత గొలుసు వెంట ఎండలో నడిచి భూములు కొలిచారు. పై అధికారి చెప్పిన కొలత రాయడానికి నిరాకరించినందుకు వారిని పాత పటాల గదికి పంపారు. కిటికీ తెరుచుకోని ఆ గదిని వారు ఎంతో ప్రేమించారని ఈ వీడ్కోలు సంచికలో చాలామంది రాసే ఉంటారు. నేను రాయలేను. మూలకు నెట్టిన మనిషి ఆ మూలకు అలవాటుపడితే, నెట్టినవారి మనసు తేలికపడుతుంది. దానికి ప్రేమ అని పేరు పెడతాం.

కొన్నేళ్ల క్రితం మిల్లు వెనక వీధి నుంచి ఒక దర్జీ వచ్చాడు. మా పటంలో, మిల్లు స్థలం గుండా ఆ వీధికి వెళ్లే దారికి అడ్డంగా గోడ ఉందన్న ఆధారంతో మిల్లువారు దారికి తాళం వేశారు. పటాలక్కగారు కూడా మొదట పటం చూసి, దారి లేదనే రాసిచ్చారు. అతడు ఆ కాగితం చదువుకుని, “మా నాన్న రోజూ ఈ దారినే నడిచాడు మేడమ్. మీ కాగితమేమో దారే లేదంటోంది. ఎవర్ని నమ్మమంటారు?” అన్నాడు.

ఆ ప్రశ్నతో వారు ఆ పటానికి అంతకుముందరి నకళ్లన్నీ అరల్లోంచి బయటికి తీశారు. వెనక్కి వెళ్లేకొద్దీ గోడ పొట్టిదవుతూ వచ్చి, అన్నిటికన్నా పాత పటంలో దారి వెడల్పంత చిన్న గీతగా మిగిలింది. సెలవులన్నీ గ్రంథాలయంలో పాత వార్తాపత్రికలకే పోయాయి. “దారి అడిగితే, ఏ కాలంనాటి దారి అంటోందండీ” అని వారి భర్త మాతో వాపోయేవారు. చివరికి ఒక వేలం ప్రకటన దొరికింది: సరిగ్గా అక్కడే, బండ్ల సుంకం వసూలు చేసే గేటు. మరికొన్నేళ్ల తర్వాతి సంచికలో, సుంకం రద్దయి గేటు తీసేశారన్న చిన్న వార్త. ఆ గీత బండ్లను ఆపే అడ్డకర్ర. గేటును ఎరగని నకలుదారుడెవరో దాన్ని రెండువైపులా సాగదీసి గోడ కట్టేశాడు.

సవరణ ప్రతిపాదన తీసుకువెళితే, “ఒక్క గీత కోసం ఇంత రాద్ధాంతమా అమ్మా?” అన్నారు అప్పటి అధికారి.

“గీత మనది సార్. చుట్టూ తిరిగేది వాళ్లు.”

ఆ ప్రతిపాదనపై నేటికీ సంతకం పడలేదు. ఒకటి దిద్దితే అన్నిటినీ అనుమానిస్తారట. తప్పు ఒప్పుకోవడం కన్నా తప్పులో కాపురముండటమే సుఖమనుకునే మనసు ఒక మనిషిదైతే జాలిపడవచ్చు. కార్యాలయానిదైతే దాని బరువు ఊరంతా మోస్తుంది.

నేడు మనం వారికి బహూకరిస్తున్న జ్ఞాపిక, చట్రం కట్టించిన ఆ పటమే. గోడతో సహా. నిన్న చూపించినప్పుడు వారు నవ్వలేదు. “గీత చెరిపి ఇవ్వండి, తీసుకుంటాను” అని బల్లమీదే పెట్టి వెళ్లారు. అది ఇంకా అక్కడే ఉంది. సంతకం పెట్టవలసిన బల్ల కూడా అదే.

పదవీ విరమణ చేసేవారికి ఆరోగ్యం, దీర్ఘాయువు కోరడం మర్యాద. మా ఆలస్యం వల్ల అది అవసరంగా మారడం మాకు సిగ్గుచేటు. పటాలక్కగారు కుటుంబంతో కలకాలం చల్లగా ఉండాలి. తాళం తీసిన నాడు దర్జీ పక్కన ఆ దారిన, ఎవరి చేయీ పట్టుకోకుండా, మిల్లు ఈ చివర నుంచి ఆ చివరకు నడవాలి.