రాజరాజేశ్వరి టీచరమ్మ ఇచ్చిన ఎర్ర గోలీలు

ఏంది బిడ్డా భాగ్యశ్రీ, బడి నుంచి వచ్చి మెట్ల మీదనే కూసున్నవ్. పైన నీ కిరాయి అర్రకు పోబుద్ధి అయితలేదా. చేతుల కాయిదం ఏంది, ఇటు తే. ఊఁ... "పిల్లలు పుట్టే పాఠం చెప్పను, కడుపు రాకుండ జాగ్రత్తపడే సంగతి పిల్లల ముంగట ఎత్తను" అని దస్కత్ చెయ్యమన్నరా మీ పెద్దసారు. రేపు మీటింగుల తల్లిదండ్రులు లొల్లి చేస్తరని ఆయనకు భయం. సైన్స్ టీచర్‌వి, దస్కత్ చెయ్యకపోతే నౌకరీ ఉంటదో ఊడుతదో అని నీకు ఫికర్. సమజైంది. నిన్ను గిట్ల సూస్తుంటే నాకు రాజరాజేశ్వరి టీచరమ్మ యాదికొస్తున్నది. నువ్వు పుట్టకముందు సంగతి. జరుగు, నేను గూడ కూసుంట. మోకాళ్లు పట్టేసినయ్, ముప్పై ఏండ్లు బస్సు నడిపితే ఇగ ఏముంటది. సక్కుబాయీ, రెండు చాయ్‌లు పంపు. శక్కర్ ఎయ్యి, డాక్టర్‌కు నేను చెప్పుకుంట.

టీచరమ్మది కోస్తా దిక్కు. పెనిమిటి జగన్నాథరావు సారుకు సర్కారు నౌకరీ, ఇల్లు సంతోష్‌నగర్ల. దినాం నా బస్సుల్నే మా గల్లీ బడికి వచ్చేది. ముందు సీట్ల కూసుండేది, ఒళ్లె పుస్తకాల సంచి. దిగేటప్పుడు "వస్తానండి మొగులయ్య గారూ" అనేది. డ్రైవర్‌ను గారూ అన్న మనిషి గా రూట్ల ఆమె ఒక్కతే. అందరు ఏయ్ డ్రైవర్, ఆపు ఆపు, గంతే. మా కండక్టర్ ఖాజా భాయ్ ఎక్కిరించేటోడు, "క్యా మొగులయ్య గారూ, చాయ్ పీతే?" అని. మంచోడు ఖాజా, కాకుంటె నోరు ఊకుండదు. ఏం చెప్తున్న... ఆఁ, టీచరమ్మ.

మా బిడ్డ బేబీ అప్పుడు పదో తరగతి, ఆమె దగ్గర్నే. ఒకనాడు మాపటీలి బడి నుంచి వచ్చింది, కాయిదం పొట్లంల ఎర్ర గోలీలు. "ఎవలిచ్చిండ్రు" అన్న. "టీచరమ్మ, వారానికొకటి మింగమన్నది." "ఇయ్యాల ఏం పాఠం చెప్పింది" అన్న. పిల్ల తలకాయ వంచుకున్నది. మెల్లగ, "పిల్లలు ఎట్ల పుడ్తరు, వద్దనుకుంటె ఏం చెయ్యాలె, గది" అన్నది. ఇగ సూడు. గా పాఠం, గీ గోలీలు, రెండు కలిపిన నేను, కడుపు రాకుండ మింగేటియే అనుకున్న. ఎవ్వలనన్న అడిగిన్నా, లేదు. పొట్లం గుంజుకొని మోరీల పారేసిన. తెల్లారి డ్యూటీకి సెలవు పెట్టి, గల్లీల ఇరవై మందిని జమ చేసుకొని బడికి పోయిన. బోనాల కమిటీల ఉండేటోణ్ణి గద, మైకు లేకున్న నా గొంతు శాలిబండ దాంక వినవడేది. "ఆడపిల్లలకు గోలీలు పంచుతరా, ఇది బడా ఏంది" అని మొత్తుకున్న. ఆమె వరండాల నిలబడి, "అవి రక్తానికండి, ఒక్క నిమిషం వినండి" అంటనే ఉన్నది. నేను ఇననియ్యలే, నేనూ ఇనలే. హెడ్‌మాస్టర్ విశ్వేశ్వర్ సారు చేతులు జోడించిండు, "ఇగ ఆ పాఠం ఉండదు, ఆ టీచరూ ఉండదు, పోండ్రి" అన్నడు. శనివారం కల్ల ఆమెను పంపించిండ్రు. గల్లీల నాకు దండ ఏసిండ్రు బిడ్డా. ఏసుకున్న.

ఆఖరి దినం గూడ నా బస్సుల్నే ఎక్కింది. నేను అద్దంల సూడలే. దిగేటప్పుడు "వస్తానండి మొగులయ్య గారూ" అన్నది. గదే మాట, గట్లనే. ఖాజా ఆ దినం ఎక్కిరించలే. డిపోల బండి పెట్టినంక నన్ను ఎనకకు తీస్కపోయిండు. "అరె, తేరే గాడీ కే పీఛే క్యా లిఖా హై, కభీ పఢా?" అన్నడు, నీ బండెనక ఏం రాసున్నదో ఎన్నడన్న చదివినవా అని. సూస్తె ఎర్ర త్రికోణం, ఇద్దరు పిల్లలు చాలని పెద్ద అచ్చరాలు. ఊరంత చదివిన రాత, నేను ఎప్పుడు చదవలే. డ్రైవర్‌నైతి, ముందుకే సూసిన. ఖాజా మీద కోపమొచ్చి నెల దినాలు మాట్లాడలే.

పద్దెనిమిది నిండంగనే బేబీ పెండ్లి చేసిన. ఏడాదికి పిల్ల. ఆ పిల్లకు అడుగులు రాకముందే మళ్ల కడుపు. రెండో కాన్పుకు సర్కారు దవఖానకు తీస్కపోతే బేబీ తెల్లగ పాలిపోయింది, చూడబుద్ధి కాలే. నాలుగు సీసల రక్తం ఎక్కించిండ్రు, ఒకటి నా ఒంట్లదే. పానం నిలవడ్డది. మూడో దినం నర్సమ్మ నా చేతిల గోలీలు పెట్టింది. గవే. గా ఎరుపే. "ఏం గోలీలమ్మా ఇవి" అంటె "రక్తం పట్టనీకె" అన్నది. బేబీ మంచంల పండుకొని సూస్తున్నది. కోపమన్న లేదు పిల్లకు. "బాపూ, కాన్పుకు కాన్పుకు నడుమ ఎంత ఎడం ఉండాలె, మందులు ఏడ అడగాలె, రేపు చెప్త అన్నది టీచరమ్మ. తెల్లారి నువ్వొచ్చినవ్" అన్నది. గంతే అన్నది.

నేను పోయి టీచరమ్మకు చెప్పుకోవాలె గద. పోలే. సిగ్గు. ఇయ్యాల రేపు అనుకుంట అనుకుంట రిటైర్ అయిన. అప్పుడు పోయిన, సంతోష్‌నగర్. జగన్నాథరావు సారు తలుపు తీసిండు. "ఆవిడ పోయి రెండేళ్లయిందండి" అన్నడు. గడప బయటనే నిలబడి, "సార్, ఆమె నౌకరీ తీయించింది నేనే" అన్న. లోపటికి రమ్మని కుర్చీ ఏసిండు బిడ్డా. "తెలుసండి, చెప్పింది. మొగులయ్య గారిని ఏమీ అనకండి, పిల్ల గురించి భయపడ్డారు, ఆయనకి మాత్రం ఎవరు చెప్పారు కనక, అనేది" అన్నడు.

ఎవలు చెప్పిండ్రు నాకు. మా నాయిన చెప్పిండా. నా పెండ్లప్పుడు సక్కుబాయికి పదహారు, మాకు పోయిన పిల్లలు ఇద్దరు...

రేపు మీటింగు ఎన్ని గంటలకన్నవ్, నేను గూడ వస్త.