ఫిన్లే మెడలో తెల్ల కాలరు

నా పేరు లాక్లన్ మెకాస్కిల్. వయసు యాభై తొమ్మిది. లూయిస్ దీవిలో తోలమార్ రేవు మా ఊరు. సముద్రంలో బుట్టలు వేసి ఎండ్రకాయలు పట్టి బతుకుతాను. ఆదివారాలు రేకుల ప్రార్థనశాలలో వాక్యం చెబుతాను. పాదిరీని కాను, నా అంతట నేను చదువుకున్నవాణ్ణి. చలికాలం శనివారాల్లో తెరచాప పందేలకు కాపలాగా మోటారు పడవ నడుపుతాను. చనిపోయిన ఫిన్లే మోరిసన్ నా చెల్లెలు షోనాగ్ భర్త. దేవుడు వింటున్నాడని ఎరిగి సార్జెంట్ గారి ముందు ఇది చెబుతున్నాను.

ఎఫీ మెక్రే తన పడవ సామాన్ల కొట్లో, సముద్రంలోకి వేసుకెళ్లే సూటు పాడైనది అమ్మి ఫిన్లేను చంపిందని షోనాగ్ ఫిర్యాదు ఇచ్చింది. ఊరంతా అదే మాట అంటోంది. ఎఫీ కొట్టు మూసేసి ఇంట్లో కూర్చుంది. ఆ సూటు కొన్న రోజు నేను పక్కనే ఉన్నాను.

ఎఫీ రెండు రకాల సూట్లు బల్ల మీద పరిచింది. వెట్‌సూట్ మందపాటి రబ్బరుది. నీళ్లు లోపలికి వస్తాయి, ఒంటి వేడికి వెచ్చబడి అక్కడే ఉంటాయి. డ్రైసూట్‌లోకి చుక్క రాదు. మెడకూ మణికట్లకూ పల్చటి రబ్బరు పట్టీలు కరుచుకుని ఉంటాయి.

"నీ బుల్లి పడవ ఊరికే బోల్తా కొడుతుంది. వెట్‌సూట్ తీసుకో ఫిన్లే. ఎక్కడన్నా చిరిగినా కాస్త వెచ్చదనం మిగుల్తుంది," అంది ఎఫీ.

"తడిసి కూర్చోడానికి నేనేమన్నా సముద్రపు సీల్‌నా?"

"పొట్ట చూస్తే అలాగే ఉంది మరి."

ఫిన్లే కూడా నవ్వాడు. "దీన్ని ఒంటి మీంచి ఊడబెరికేసరికి పొద్దుపోతుంది. ఆ డ్రైసూటైతే విప్పగానే కింద పొడి బట్టలు. ఒడ్డున దిగి సరాసరి ప్రార్థనకు పోవచ్చు."

"పోవచ్చు. కాని మెడ దగ్గర రబ్బరు చర్మానికే అంటాలి. మధ్యలో దారప్పోగు కూడా ఉండకూడదు. విన్నావా?"

"విన్నాను తల్లీ. లాక్లన్ కంటే నీ ప్రసంగమే పెద్దది."

ఇద్దరం విన్నాం. మళ్లీ చెబుతున్నాను, ఇద్దరం విన్నాం.

పోయిన శనివారం, చనిపోయిన ముసలి కెన్నెత్ ఇంట్లో శవజాగారం. పందెం అవగానే ఫిన్లే అక్కడ కీర్తన ఎత్తుకోవాలి. మా ఊళ్లో ఒక్కో పాదం ముందు అతను పాడతాడు, వెనక మేమంతా అందుకుంటాం. డ్రైసూట్ జిప్పు వీపు మీద ఉంటుంది, ఎవరి చేతికీ వాళ్లది అందదు. రేవులో ఎప్పటిలాగే నా దగ్గరికొచ్చి వెనక్కి తిరిగాడు. మెడ పట్టీ కింద తెల్ల కాలరు కనిపించింది. గంజి పెట్టిన కాలరు. దాని మీద నల్ల టై.

"ఇదేంటి బావా? తీసెయ్."

"తీస్తే మళ్లీ కట్టుకోడానికి అద్దమేది? కిందటిసారి చావింటికి స్వెట్టరుతో వెళ్లానని మీ చెల్లెలు ఎన్నాళ్లు సాధించిందో నీకు తెలుసుగా. ఇవాళ తనే గుండీ పెట్టి పంపింది. తీశావంటే ఇంటికి రాకు అంది."

"నీళ్లు దిగుతాయి."

"పడితే కదా. వాక్యం చెప్పేవాడివి, నీకే విశ్వాసం లేకపోతే ఎలా? లాగు."

లాగాను. నేను లాగకపోతే ఇంకొకడు లాగేవాడు.

మధ్యాహ్నం రెండు దాటాక నల్లరాతి తిప్ప దగ్గర అతని పడవ తిరగబడింది. నాతో రావలసిన మనిషి శవజాగారానికి ముందే వెళ్లిపోయాడు, ఒక్కణ్ణే ఉన్నాను. వైర్‌లెస్‌లో కేకేసి వెళ్లాను. ఫిన్లే లైఫ్ జాకెట్ మీద తేలుతూ నవ్వుతున్నాడు. "వీపంతా చల్లగా పారుతోంది బావా," అన్నాడు. భుజాలు పట్టి లాగాను. నడుం దాకా వచ్చాడు. సూటు కాళ్ల నిండా మంచులాంటి నీళ్లు. అంతకు మించి రాలేదు. మళ్లీ లాగాను. రాలేదు.

మునుగుతున్న పేతురు చెయ్యి ప్రభువు పట్టుకున్నాడని ఎన్నోసార్లు బల్ల గుద్ది చెప్పాను. నేనూ చెయ్యి పట్టుకున్నాను. పట్టుకునే ఉన్నాను. ఎత్తలేకపోయాను.

"కాలరు తడిసిపోయింది. షోనాగ్ తిడుతుంది," అన్నాడు. కాసేపటికి మళ్లీ అదే అన్నాడు. తర్వాత కీర్తనలో మొదటి పాదం ఎత్తుకున్నాడు. నేను అందుకున్నాను. రెండో పాదం కోసం చూశాను. ఎత్తలేదు. నా కేక విని రెండో పడవ వచ్చేసరికి నేను మొదటి పాదమే మళ్లీ మళ్లీ పాడుతున్నానట.

సూటు చిరగలేదు. పట్టీ తెగలేదు. ఎఫీ చెప్పవలసింది చెప్పింది. అబద్ధ సాక్ష్యం కూడదన్న ఆజ్ఞను పిల్లలకు నేర్పినవాణ్ణి, దాన్ని నా చెల్లెలి కోసం మింగలేను.

గుండీ పెట్టిన సంగతి నాకు తెలుసని షోనాగ్‌కు తెలియదు. అదే కాలరుతో అతణ్ణి పూడ్చాలట. ఉతికి గంజి పెడతాను, స్టేషన్ నుంచి తెచ్చిపెట్టు అన్నయ్యా అని నన్ను పంపింది. నా మాట విన్నాక, ఆ కాలరు సాక్ష్యం, ఇవ్వడం కుదరదని సార్జెంట్ గారు అన్నారు. ఉత్త చేతులతో వెళతాను. ఎందుకివ్వలేదని గుమ్మంలోనే అడుగుతుంది.

ఇది నాకు చదివి వినిపించారు. నేను చెప్పిందే రాశారు. ఒక్క మాటా కలపలేదు, ఒక్కటీ దాచలేదు. దాచగలిగితే బాగుండేది.

(సంతకం) లాక్లన్ మెకాస్కిల్